ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటకుండా: ఇంట్లో కుక్కలు, పిల్లులు పెంచేవాళ్లకు

కర్నూలులో మా ఇంటి వెనక వసారాకు, ముందు గదికి మధ్య పదిహేను అడుగుల దూరం. రెండేళ్ల కిందట రోడ్డు పక్కన దొరికిన కుక్కపిల్లను తెచ్చి వెనక వసారాలో కట్టేసినప్పుడు ఆ దూరం చాలనుకున్నాను. మా కుక్క నల్లోడికి అప్పుడు ఐదు నెలలు, ముందు గదిలో ఉండేవాడు. రెండింటినీ ఒక్కసారి కూడా కలవనివ్వలేదు. నాలుగో రోజు కొత్తది కక్కడం మొదలుపెట్టింది. ఆరో రోజు చనిపోయింది. పదో రోజు పొద్దున నల్లోడు అన్నం వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.

"వేరేగానే పెట్టినావు కదరా, మళ్లా వీనికెట్లొచ్చె?" అంది అమ్మ.

పశువుల డాక్టరు మందు రాయకముందే ఒక మాట అడిగాడు: "బండలు తుడిచే గుడ్డలు రెండున్నాయా, ఒకటేనా?" ఒకటే. వెనక వసారా తుడిచి అదే బకెట్‌లో గుడ్డ పిండి ముందు గది తుడిచేవాణ్ని. రోజూ. నల్లోడికి వేయించాల్సిన ఆఖరి టీకాను పండగ పనుల్లో పడి వాయిదా వేసిందీ నేనే. వాడు ఐదు రోజులు సెలైన్ మీద ఉండి బయటపడ్డాడు. వచ్చిన జబ్బు పార్వో అనే వైరస్ జబ్బు.

జంతువులు ఒకదాన్నొకటి తాకకుండా చూస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నేనూ అంతే. ఒకే ఇంట్లో ఉండే జంతువుల మధ్య జబ్బును మోసేది ఎక్కువగా మన చేతులు, చెప్పులు, తుడుపుగుడ్డ, తిండిగిన్నె. పైగా గోమార్లు (పిడుదులు) ఉండనే ఉన్నాయి. అందుకే కింద చెప్పే పనుల్లో సగం కుక్క గురించి కాదు, మన గురించి.

ముందుగా: ఏ జబ్బు ఏ దారిన వస్తుంది

ఇది తెలియకపోతే అవసరం లేనిచోట కంగారుపడి, అవసరమైనచోట ఏమరుపాటుగా ఉంటాం.

పార్వో మలంలోంచి వస్తుంది. జబ్బుకుక్క విరేచనంలో కంటికి కనపడనంత అంటుకున్నా చాలు, ఇంకో కుక్కపిల్ల దాన్ని నాకితే వచ్చేస్తుంది. సోకిన తర్వాత మామూలుగా మూడు నుంచి ఏడు రోజుల్లో లక్షణాలు బయటపడతాయి, ఒక్కోసారి రెండు వారాలు కూడా పట్టొచ్చు. కక్కుడు, తిండి మానేయడం, ఆ తర్వాత దుర్వాసనతో నెత్తుటి విరేచనాలు. 1978 ప్రాంతంలో మొదటిసారి గుర్తించిన ఈ వైరస్ ఆ తర్వాత కొద్దిగా రూపం మార్చుకుంది. ఇప్పుడు తిరుగుతున్న రకాలు పిల్లులకూ సోకగలవు. పిల్లులకు దీని దగ్గరి చుట్టం లాంటి వైరస్ ఇంకొకటుంది. పాన్‌ల్యూకోపీనియా అంటారు. పిల్లికూనల పాలిట అదీ ఇంతే ప్రమాదం.

డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ జబ్బు దగ్గు, తుమ్ము, చీమిడి తుంపర్లతో వస్తుంది. కళ్లలో పుసి, ముక్కు కారడం, జ్వరం, కొన్ని వారాల తర్వాత ఫిట్స్ లేదా కాలు అదరడం. ఇది కుక్కనుంచి కుక్కకే తప్ప ఇంట్లో పిల్లికి రాదు. కెన్నెల్ కాఫ్ కూడా గాలి దారినే వస్తుంది. గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు పొడిదగ్గు దగ్గుతుంది. దీనికి కారణమయ్యే బాక్టీరియా ఒకటి అప్పుడప్పుడు పిల్లులకూ చేరుతుంది.

పిల్లుల జలుబును తేలిగ్గా తీసుకోకండి. దాన్ని తెచ్చే వైరస్‌లలో హెర్పిస్ రకం ఒకసారి సోకితే జీవితాంతం ఒంట్లో దాక్కుని ఉండి, పిల్లికి టెన్షన్ ఎక్కువైనప్పుడల్లా బయటికొస్తుంది. బాగైన పిల్లి కూడా కొత్తదానికి అంటించగలదన్నమాట.

తామర, గజ్జి చర్మం తాకితే వస్తాయి, పరుపూ దువ్వెనా పంచుకున్నా వస్తాయి. తామర కుక్కకూ పిల్లికీ పిల్లలకూ అందరికీ అంటుతుంది. అయితే కుక్కలకు వెంట్రుకలు ఊడే చర్మజబ్బులన్నీ అంటువ్యాధులు కావు. డెమోడెక్స్ అనే పురుగుతో వచ్చేది పెద్ద కుక్కల మధ్య అంటదు. చర్మం గీరి మైక్రోస్కోపులో చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ ఐదు నిమిషాలకు బద్ధకించి కుక్కను నెలల తరబడి గొలుసుతో పెరట్లో ఉంచిన ఇళ్లు నాకు తెలుసు.

టిక్ ఫీవర్ అనే ఎర్లీకియా, బబీసియా జబ్బులు కుక్కను కుక్క తాకితే రావు. మధ్యలో గోమారి కుట్టాలి. అందుకని టిక్ ఫీవర్ వచ్చిన కుక్కను గదిలో పెట్టి తాళం వేసినంత మాత్రాన లాభం లేదు.

మన ఎండను ఎంతవరకు నమ్మాలి

"మన ఎండకు ఏ క్రిమి బతుకుతుంది సార్" అనే మాట సీమలో ప్రతి వీధిలోనూ వినపడుతుంది. సగం నిజమే. డిస్టెంపర్ వైరస్‌కు బయట కొవ్వుపొర ఉంటుంది. సబ్బు, వేడి, ఎండ తగిలితే త్వరగా చచ్చిపోతుంది. మే నెలలో మిద్దె మీద ఆరేసిన దుప్పటిలో అది మిగిలే అవకాశం దాదాపు లేదు.

పార్వోకు ఆ పొర లేదు. సబ్బుతో కరిగేది ఏదీ దానికి లేదు కాబట్టి మామూలు సబ్బు దాన్ని కడిగేస్తుందే తప్ప చంపదు. ఆల్కహాల్ శానిటైజర్ కూడా చంపదు. నీడపట్టున, మట్టిలో, బండల సందుల్లో నెలల తరబడి, కొన్నిచోట్ల ఏడాది దాకా బతుకుతుంది. మన ఇళ్లలో నాపరాళ్ల మధ్య సందులుంటాయి చూడండి, అక్కడికి ఎండ ఎప్పుడూ రాదు. కాబట్టి ఎండను అదనపు సాయంగా వాడుకోండి, అసలు మందుగా మాత్రం వద్దు.

మొదటి పని: టీకాల పుస్తకం బయటికి తీయండి

ఇంట్లో ఉన్న ప్రతి జంతువుకూ ఏ టీకా ఎప్పుడు పడిందో ఒక కాగితం మీద రాయండి. ఈ పని చేసినప్పుడే నల్లోడి ఖాళీ గడి నాకు కనపడింది, అప్పటికే ఆలస్యమైపోయింది.

కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి డోసు. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల వయసు వచ్చేదాకా. సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ అని క్లినిక్‌లో అనేవి ఇవే. పార్వో, డిస్టెంపర్ రెండూ వీటిలో ఉంటాయి. ఇన్నిసార్లు ఎందుకని అడుగుతారు. తల్లిపాలతో వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నన్నాళ్లు టీకాను పనిచేయనివ్వదు. అది ఏ పిల్లలో ఏ వారం తగ్గుతుందో పైనుంచి చూసి చెప్పలేం. అందుకే ఆ వ్యవధి మొత్తం వేస్తూ పోతారు. ఆఖరిది మానేస్తే అంతకుముందువన్నీ వృథా అయ్యే ప్రమాదం ఉంది. ఏడాదికి బూస్టర్, తర్వాత డాక్టరు చెప్పినట్టు.

పిల్లులకు ఎనిమిది వారాల నుంచి త్రీ ఇన్ వన్ టీకా మొదలవుతుంది. మన ఊళ్లలో పిల్లికి టీకా ఏంటి అని నవ్వేవాళ్లే ఎక్కువ. నవ్వనివ్వండి.

రేబిస్ టీకా రెండింటికీ మూడు నెలలు నిండాక, ఆపైన ఏటా. జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల) దినం నాడు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో దీన్ని ఉచితంగా వేస్తుంటారు. ఆ రోజు మాత్రం క్యూలో కుక్కపిల్లలను, పిల్లికూనలను నేల మీద వదలకండి, గంపలోనో ఒళ్లోనో ఉంచుకోండి.

నులిపురుగుల మందు కూడా ఇదే కాగితం మీద రాసుకోండి. కుక్కపిల్లలకు, పిల్లికూనలకు మూడు నెలలు వచ్చేదాకా రెండు వారాలకొకసారి, ఆరు నెలలదాకా నెలకొకసారి, పెద్దవాటికి మూడు నెలలకొకసారి. ఇంట్లో అన్నింటికీ ఒకేరోజు వేయాలి. ఒకదానికి ఇవాళ, ఇంకోదానికి వచ్చే నెల అంటే అవి ఒకదానికొకటి తిరిగి అంటించుకుంటూనే ఉంటాయి. ఏలికపాము గుడ్లు మలంలో పడిన వెంటనే అంటవు, అంటే స్థితికి రావడానికి రెండు వారాలో ఇంకాస్త ఎక్కువో పడుతుంది. బ్లీచింగ్‌కు అవి చావవు. కానీ రోజూ మలం ఎత్తేస్తే వాటికి ఆ వ్యవధే దొరకదు. ఇంత చవకైన వైద్యం ఇంకోటి లేదు.

రెండో పని: కొత్తగా వచ్చినదాన్ని రెండు వారాలు విడిగా ఉంచడం

కొత్త జంతువు ఎంత హుషారుగా ఉన్నా, ఇచ్చినవాళ్లు ఎంత దగ్గరివాళ్లైనా, పద్నాలుగు రోజులు వేరు. పిల్లి అయితే మూడు వారాలు మేలు. తామర పైకి కనపడటానికి ఒక్కోసారి అంత పడుతుంది.

చోటు ఎక్కడ? తలుపు మూసుకునే వీలుండి, నేల కడగడానికి వీలైన చోటు. వాడని బాత్‌రూం, స్టోర్‌రూం, గ్రిల్ ఉన్న వసారా. మట్టినేల, గోనెసంచులు పరిచిన మూల పనికిరావు, వాటిని శుభ్రం చేయలేం. మార్చి నుంచి జూన్ దాకా మిద్దె మీది రేకుల గది మాత్రం వద్దు. బయట నలభై రెండు డిగ్రీలుంటే లోపల పొయ్యే. జబ్బు నుంచి కాపాడబోయి వడదెబ్బకు ఇచ్చేసినట్టవుతుంది.

తెచ్చిన రోజే, లేదా మరునాడు, డాక్టరుకు చూపించండి. దగ్గర్లో ఆసుపత్రి లేని పల్లెల్లో 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. కడప జిల్లా వైపు వాళ్లకు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, చిక్కు కేసులకు అక్కడికి వెళ్లొచ్చు.

వచ్చిన రోజే టీకా వేశారు కదా అని మరునాడే కలిపేయకండి. టీకా పనిచేయడానికి వారం పైనే పడుతుంది. అప్పటికే ఒంట్లో జబ్బు ఉంటే టీకా దాన్ని ఆపలేదు.

మూడో పని: జబ్బు పడినదాన్ని వేరు చేసిన రోజు నుంచి మన దినచర్య

అమ్మ ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది. కాస్త నిదానంగా చదవండి.

వరుస ముఖ్యం. పొద్దున లేచాక మొదట ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు తిండి పెట్టాలి. తర్వాత టీకాలు పూర్తయిన పెద్దవాటికి. ఆ తర్వాత కొత్తగా వచ్చినది ఉంటే దానికి. అన్నిటికన్నా ఆఖరున జబ్బుదాని గదిలోకి. అక్కడి నుంచి బయటికొచ్చి మళ్లీ పిల్లల దగ్గరికి పోకూడదు, స్నానం చేసి బట్టలు మార్చుకుంటే తప్ప. మనకు జాలి ఎక్కువ కదా, లేవగానే జబ్బుదాని దగ్గరికే పరుగెత్తుతాం. తొంగి చూడండి, తాకకండి.

ఇంట్లో ఇద్దరుంటే పని పంచుకోవడం ఇంకా మంచిది. ఒకరు జబ్బుదానికి, ఇంకొకరు మిగతావాటికి. మా ఇంట్లో నల్లోడికి నేను, పిల్లికి అమ్మ. ఐదు రోజులు నేను పిల్లిని ముట్టుకోలేదు. అది అలిగింది, అంతకు మించి ఏం కాలేదు.

ఆ గది గుమ్మం దగ్గర ఒక మేకుకు పాత చొక్కా, లుంగీ తగిలించండి. ఆడవాళ్లయితే పాత నైటీ. లోపలికి పోయేముందు వేసుకోవడం, వచ్చేముందు అక్కడే విడిచేయడం. ఒక జత రబ్బరు చెప్పులు ఆ గది లోపలే ఉండాలి, గడప దాటకూడదు. గ్లవుజులు దొరికితే వాడండి, కానీ గ్లవుజులున్నాయని చేతులు కడుక్కోవడం మానకండి. సబ్బు పెట్టి, గోళ్ల సందుల్లో కూడా రుద్ది, పారే నీటి కింద కడగాలి. పార్వోను సబ్బు చంపదని పైన చెప్పాను. చేతి మీది నుంచి నీళ్లతో దిగిపోతే మనకు అదే చాలు.

ఆ గదికి విడిగా తిండిగిన్నె, నీళ్లగిన్నె, చీపురు, తుడుపుగుడ్డ, బకెట్, మలం ఎత్తే చేట, పరుపు. గిన్నె స్టీలుదైతే మంచిది. ప్లాస్టిక్ గిన్నెకు గీతలు పడి వాటిలో మురికి దాక్కుంటుంది. ఈ సామాన్ల మీద ఎర్ర ఆయిల్‌పెయింట్‌తో చిన్న గుర్తు వేసుకోండి. పనిమనిషి ఉంటే ఆమెకు దగ్గరుండి చూపించండి, నోటితో చెబితే రెండో రోజుకే ఎర్ర చీపురు వంటింట్లో కనపడుతుంది. మా అనుభవం.

మిగిలిన తిండిని ఇంకోదానికి వేయకండి. పారేయడానికి మనసొప్పకపోతే తక్కువ పెట్టండి. జబ్బుకుక్క ఎలాగూ ఎక్కువ తినదు.

నాలుగో పని: కడగడం, దాని లెక్క

బ్లీచింగ్ చల్లేసి చేతులు దులుపుకుంటారు చాలామంది. మలం, జిగురు, వెంట్రుకలు ఉన్నచోట బ్లీచింగ్ శక్తి వాటితోనే ఖర్చైపోతుంది. కాబట్టి రెండు విడతలు.

ముందు పాత పేపర్లతో మలమో కక్కుడో ఎత్తి, రెండు కవర్లలో వేసి మూతి బిగించాలి. వీధి కుక్కలు చించే చెత్తకుండీ దగ్గర పారేయొద్దు. మన వీధి కుక్కల పిల్లలకూ ప్రాణమే కదా. తర్వాత సబ్బునీళ్లతో బండలు రుద్ది, ఒక మగ్గు నీళ్లతో కడిగేయాలి. అప్పుడు బ్లీచింగ్ నీళ్లు పోసి పది నిమిషాలు తడిగా ఉండనివ్వాలి. ఆ పది నిమిషాలే అసలు పని. వేసవిలో మన దగ్గర రెండు నిమిషాలకే ఆరిపోతుంది, మళ్లీ తడపండి. ఆ తర్వాత మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే జంతువును వదలాలి.

మోతాదు: మెడికల్ షాపులో సోడియం హైపోక్లోరైట్ ద్రావణం ఐదు శాతానిది దొరికితే లీటరు నీటికి 30 నుంచి 35 మిల్లీలీటర్లు. బ్లీచింగ్ పౌడర్ అయితే లీటరుకు రెండు టీస్పూన్లు కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట వాడుకోవాలి. పౌడర్ కొత్తదై ఉండాలి. మూత తీసిన డబ్బా నెలల తరబడి ఉంటే అందులో వాసన తప్ప బలం ఉండదు. కలిపిన నీళ్లు ఆ రోజుకే, మరునాటికి మళ్లీ కలపాలి. ఇదే పార్వోకు, పిల్లుల పాన్‌ల్యూకోపీనియాకు, జలుబు వైరస్‌లలో కాలిసి రకానికి కూడా పనికొస్తుంది.

ఇప్పుడు ప్రమాదాలు. బాత్‌రూం యాసిడ్, టాయిలెట్ క్లీనర్ బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. చిన్న గదిలో అది మనిషినే పడగొట్టగలదు. మన నాపరాయి సున్నపురాయి జాతిది, యాసిడ్ పోస్తే బండ పొంగి గరుకెక్కి ఇంకా ఎక్కువ మురికి పడుతుంది. యాసిడ్‌ను ఈ కథలోంచి పూర్తిగా తీసేయండి. మూత్రం మడుగు మీద కూడా నేరుగా బ్లీచింగ్ పోయకండి, ముందు నీళ్లతో కడగండి.

పిల్లి ఉన్న ఇంట్లో ఫినాయిల్ వద్దు, డెటాల్ లాంటివీ వద్దు. ఆ జాతి రసాయనాలను పిల్లి కాలేయం విరగగొట్టుకోలేదు. తుడిచిన నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటుంది. అంతే చాలు విషం ఎక్కడానికి. ఇంట్లో ఫినాయిల్ వాసన రాకపోతే శుభ్రం కానట్టు అనిపిస్తుంది, నిజమే. అలవాటైపోతుంది.

మురికైన పాతబట్టలను ఉతికి మిగుల్చుకోవాలని చూడకండి. పార్వో అయితే కట్టి పారేయండి. మిగతా జబ్బులకైతే వేణ్ణీళ్లలో ఉతికి, రెండు పూటలా తిరగేస్తూ ఎండలో వేస్తే సరిపోతుంది.

నీళ్ల గొడవ ఎలాగూ ఉంది. అనంతపురం వైపు వేసవిలో రోజు విడిచి రోజు కొళాయి వస్తే అదే పండగ. అందుకే గదిని చిన్నది చేయండి. వసారా మొత్తం వదలకుండా ఒక మూల అడ్డుకట్టి ఉంచితే కడగాల్సింది నాలుగు బండలే.

గోమార్లు: కుక్క మీద కన్నా గోడలో ఎక్కువ

పిడుదులనండి, గోమార్లనండి, మన ఇళ్లలో కనపడేది ఎక్కువగా గోధుమరంగు కుక్క గోమారి. దీనికి అడవి, గడ్డి అక్కర్లేదు. గుడ్డు నుంచి ముసలిదాకా ఇంట్లోనే బతికేస్తుంది. రక్తం తాగి కిందపడి, గోడెక్కి, కిటికీ చట్రంలో, నులకమంచం అల్లికలో, దేవుడి పటాల వెనక, బండల సందుల్లో దూరుతుంది. ఒక్కో ఆడది వేల గుడ్లు పెడుతుంది. తిండి లేకుండా నెలలు ఆగగలదు. కుక్కకు మందు పట్టించి వదిలేస్తే మూడు వారాలకు మళ్లీ చెవుల్లో గుత్తులు కనపడేది అందుకే.

కాబట్టి ఇంట్లోని కుక్కలన్నిటికీ ఒకేరోజు మందు. డాక్టరు చెప్పిన మాత్రైనా సరే, మెడ మీద వేసే చుక్కలైనా సరే, బరువును బట్టి. అదే వారంలో సందులన్నీ సన్న బ్రష్‌తో గీకి ఊడ్చి, ఆ చెత్తను కాల్చేయండి. తర్వాత తెల్ల సిమెంటుతో సందులు పూడ్చండి. ఒక మేస్త్రీకి ఒక్క రోజు కూలీ అవుతుంది, ఏడాది పొడవునా మందులకయ్యే ఖర్చుతో పోల్చుకోండి.

ఒంటి మీద ఉన్నదాన్ని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. అగరుబత్తితో కాల్చొద్దు, గోళ్ల మధ్య చిదమొద్దు. సబ్బునీళ్ల గ్లాసులో వేసేయండి. కిరసనాయిలు, పొగాకు నీళ్లు, ఇంజన్ ఆయిల్ పూసిన కుక్కలు ఆసుపత్రికి వస్తుంటాయి, గోమార్లతో కాదు, కాలిన చర్మంతో.

ఇల్లంతా గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటుంది. కుక్కల మందుల్లో, పశువులకు పట్టించే పిడుదుల మందుల్లో ఉండే పెర్మెత్రిన్, డెల్టామెత్రిన్ పిల్లిని చంపగలవు. కుక్క మెడ మీద చుక్కలు వేసిన రోజు పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకండి. అలాగే పిల్లికి జ్వరమని పారాసిటమాల్ ముక్క వేయడం విషం వేయడమే.

ఎగిరే చిన్న పేలు కూడా కుక్కా పిల్లీ పంచుకుంటాయి. వాటిని మింగితే బద్దెపురుగు వస్తుంది. తోక కింద దోసగింజల్లా ఎండిపోయిన ముక్కలు కనపడితే అదే. పేలకు, పురుగులకు కలిపి మందు వేయాలి.

తామర ఉంటే

గుండ్రంగా వెంట్రుక ఊడి, అంచు పొట్టు లేచి ఉంటుంది. పొడుగు జుట్టు పిల్లులు పైకి ఏమీ కనపడకుండానే అంటిస్తుంటాయి. వెంట్రుక రాలిన ప్రతిచోటా బీజాలుంటాయి, ఏడాదికి పైగా బతుకుతాయి. పొడి చీపురుతో ఊడిస్తే గాల్లోకి లేస్తాయి. తడిగుడ్డతో తుడవండి, లేదా సెల్లోటేపుతో వెంట్రుకలు ఎత్తండి. చికిత్స వారాల తరబడి సాగుతుంది, మచ్చ మానగానే ఆపేస్తే తిరిగొస్తుంది. ఇంట్లో పిల్లలకు మెడ మీదో చేతి మీదో రింగు కనపడితే వాళ్లకు చర్మం డాక్టరు, జంతువుకు పశువుల డాక్టరు, రెండూ ఒకే వారంలో. మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు పూస్తే తామర మొదట తగ్గినట్టుండి తర్వాత విజృంభిస్తుంది.

వాకిట్లో పెట్టే నీళ్లతొట్టి

వేసవిలో వీధి కుక్కలకు, పక్షులకు నీళ్లు పెట్టడం మన దగ్గర చాలా ఇళ్లలో ఉంది. మానొద్దు. కాకపోతే ఆ తొట్టి గేటు బయట ఉండాలి, మన కుక్క అందులో మూతి పెట్టకూడదు. మట్టితొట్టి చెమ్మ పీలుస్తుంది కాబట్టి రోజూ నీళ్లు పారబోసి, రుద్ది, ఎండలో బోర్లించి మళ్లీ నింపాలి. వీధి కుక్కకు అన్నం పెట్టి, దాన్ని నిమిరి, అదే చేత్తో లోపలి పిల్లను ఎత్తుకోవడం దగ్గరే చాలా జబ్బులు ఇల్లు చేరతాయి. వీధిలో తిరిగిన చెప్పులు గేటు దగ్గరే విడిచే అలవాటు మనకు ముందునుంచీ ఉంది, దాన్నే కాస్త గట్టిగా పాటిస్తే చాలు.

ఎలుకల మూత్రం పడిన నీటితో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. అది కుక్కకూ, కుక్క నుంచి మనకూ రాగలదు. వానలప్పుడు నిలిచిన నీటిని తాగనివ్వకండి. రాత్రి తిండిగిన్నె బయట వదిలితే ఎలుకలకు పిలిచి భోజనం పెట్టినట్టే. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ మా కర్నూలును ముంచినప్పుడు చూసినవాళ్లకు ఆ బురద సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఆదివారం కోడి షాపు నుంచి తెచ్చే కాళ్లు, పేగులు పచ్చివి వేయకండి, ఉడికించి వేయండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లలో బర్డ్ ఫ్లూ బయటపడింది. సోకిన పక్షి పచ్చిమాంసం తింటే పిల్లులకూ ఆ జబ్బు వస్తుంది. పెరట్లో నాటుకోళ్లున్నవాళ్లు చచ్చిన కోడిని కుక్కకు వేసే అలవాటు మానాలి.

రేబిస్ విషయంలో ఈ లెక్కలేవీ లేవు

తెలియని కుక్క మన కుక్కనో పిల్లినో కరిస్తే, గ్లవుజులు వేసుకుని గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీటి కింద కడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఏటా టీకా వేయిస్తున్నా సరే. కుక్క నోరు వేలాడేసి జొల్లు కారుస్తూ, మింగలేకపోతుంటే "గొంతులో ఎముక ఇరుక్కుంది" అని నోట్లో చేయి పెట్టేస్తారు. పెట్టకండి. తలుపు మూసి, పిల్లలను దూరం పంపి, డాక్టరుకు ఫోన్ చేయండి. మనిషికి గీరుకున్నా, జొల్లు గాయానికి తగిలినా కడుక్కుని సర్కారు ఆసుపత్రిలో టీకాలు వేయించుకోవాలి.

ఎప్పుడు కలపొచ్చు

కుక్క లేచి తోక ఊపగానే తలుపు తీసేస్తాం. అక్కడ ఆగాలి. పార్వో నుంచి కోలుకున్నాక కూడా మలంలో వైరస్ కొన్నాళ్లు పోతూనే ఉంటుంది. మలం గట్టిపడ్డ రోజు నుంచి రెండు వారాలు విడిగా ఉంచి, ఒళ్లంతా, ముఖ్యంగా వెనక భాగం, పాదాలు షాంపూతో రుద్ది స్నానం చేయించాకే కలపాలి. కెన్నెల్ కాఫ్‌కు దగ్గు ఆగాక రెండు వారాలు. డిస్టెంపర్‌లో వైరస్ వారాలు, ఒక్కోసారి నెలలు కూడా బయటికి వస్తుంది కాబట్టి తేదీ డాక్టరే చెప్పాలి. తామరకు కనీసం పరీక్ష చేయించకుండా తలుపు తీయొద్దు.

ఆ వ్యవధిలో మిగతావాటిని రోజుకొకసారి చూసుకోండి: తిన్నదా, మలం ఎలా ఉంది, చిగుళ్లు ఎర్రగా ఉన్నాయా పాలిపోయాయా. ఆరు నెలల లోపు పిల్ల ఒక్క పూట తిండి మానేసి కక్కితే మరునాటిదాకా చూద్దామనుకోవద్దు. ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి జబ్బు అనుమానం చెప్పండి, బయటే ఆగమంటారు. మిగతావాళ్లు తెచ్చిన కుక్కపిల్లలకు అది మేలు.

పార్వోతో ఒకటి పోయిన ఇంటికి టీకాలు పూర్తికాని పిల్లను ఏడాదిదాకా తేకూడదు. మేమూ ఆగాం. ఆ ఏడాదిలో వెనక వసారా బండల సందులు మూసివేయించి, మట్టి ఉన్న మూల సిమెంటు పోయించాం. తర్వాత తెచ్చుకున్నది పిల్లను కాదు, ఊరు మారుతున్నవాళ్లు ఇచ్చిన మూడేళ్ల ఆడకుక్కను, టీకాల పుస్తకంతో సహా. దాన్నీ పద్నాలుగు రోజులు వసారాలోనే ఉంచాం. బకెట్లు రెండు, గుడ్డలు రెండు. పదిహేనో రోజు పొద్దున తలుపు తీస్తే నల్లోడు దాన్ని ఒకసారి వాసన చూసి, దాని గిన్నెలో మిగిలిన అన్నం తినేశాడు.